తొమ్మిదో తరగతి పిల్లవాడికి టీసీ ఇచ్చి పంపితే బడి భద్రమవుతుందా?

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను ఉత్తర చెన్నైలో 27 ఏళ్ళుగా మందుల దుకాణం నడుపుకుంటున్న తెలుగువాణ్ణి. మా దుకాణం ఎదుట, రోడ్డుకు అవతల, కార్పొరేషన్ బడి ఉంది. మా అమ్మాయి అక్కడే చదువుకుంది. ఆ పరిచయంతో మూడేళ్ళుగా బడి యాజమాన్య కమిటీ సమావేశాలకు వెళ్తున్నాను. పిల్లలను మత్తుపదార్థాల నుంచీ కొట్లాటల నుంచీ కాపాడటం గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి, ర్యాలీలూ ప్రతిజ్ఞలూ జరుగుతున్నాయి. అవన్నీ అవసరమే. అయితే బడి ఎదుట నిలబడి చూసేవాడికి కనిపించే ఒక సంగతి వాటిలో ఎక్కడా ప్రస్తావనకు రావడం లేదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ప్రాంతంలోని ఒక బడిలో (మా ఎదుటి బడి కాదు, పేరు అనవసరం) తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక తెలుగు పిల్లవాడి సంచిలో పొగాకు పొట్లాలు దొరికాయి. తండ్రి ప్రకాశం జిల్లా నుంచి పన్నెండేళ్ళ క్రితం ఇక్కడికి వచ్చిన తాపీ మేస్త్రీ, తల్లి రెండిళ్ళలో పాచిపని చేస్తుంది. బడివారు తండ్రిని పిలిపించి, మిగిలిన పిల్లలు చెడిపోతారని చెప్పి, మీరే టీసీ కావాలని రాసివ్వండి అన్నారు. తమిళంలో రాసిన ఆ కాగితం మీద ఆయన వేలిముద్ర వేశాడు. ఇంటికి వెళ్ళి పిల్లవాణ్ణి నడుముకున్న బెల్టు తీసి కొట్టాడు. ఆ తరవాత ఆ పిల్లవాడికి పగలంతా పని లేదు, బడి లేదు, ఇంట్లో పెద్దలు లేరు. మూడు వారాలు తిరగకుండానే వాడు మా దుకాణానికి వచ్చి, మడతలు పడి చిరిగిపోయిన ఒక పాత డాక్టరు చీటీ చూపించి, వాళ్ళ నాన్నకు నడుము నొప్పి అంటూ ఒక బలమైన నొప్పి మాత్రల అట్ట అడిగాడు. చీటీ మీది పేరు వాళ్ళ నాన్నది కాదు. తేదీ రెండేళ్ళ నాటిది. నేను ఇవ్వలేదు. "పక్క వీధిలో ఇస్తార్లే అంకుల్" అని వెళ్ళిపోయాడు. పొగాకు పొట్లంతో బడి నుంచి బయటికి వచ్చిన పిల్లవాడు మూడు వారాల్లో మాత్రల దాకా ఎలా చేరాడన్నది ఆ రాత్రంతా నన్ను వదల్లేదు.

టీసీ ఇవ్వడం వల్ల ఆ బడి భద్రమైందని ఆ బడివారు నిజంగానే నమ్ముతున్నారు. వాళ్ళను తప్పుపట్టడం తేలికే కాని, నలభై యాభై మంది పిల్లలతో తరగతి నడిపే ఉపాధ్యాయురాలికి వేరే దారి ఎవరూ చూపించలేదన్నది కూడా నిజం. పోనీ చట్టం ఏమంటోందో చూద్దాం. 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి వెళ్ళగొట్టడానికి వీల్లేదు. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి పిల్లలను అదే తరగతిలో ఆపే వెసులుబాటు రాష్ట్రాలకు ఇచ్చినప్పుడు కూడా, వెళ్ళగొట్టకూడదన్న మాటను అలాగే ఉంచారు. కాని తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ రక్షణ లేదు. పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో, అంటే వీధి చివర నిలబడ్డ అన్నలు పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టే వయసులో, చట్టం పిల్లవాడి చెయ్యి వదిలేస్తోంది. ఎనిమిదో తరగతి లోపు పిల్లల విషయంలో కూడా తల్లిదండ్రులే అడిగినట్టు రాయించుకుని టీసీ చేతిలో పెడితే ఆ సెక్షన్‌ను అడిగేవారు ఎవరు?

పిల్లల చేతికి ఏమేమి వస్తున్నాయో చెప్పాలి, ఎందుకంటే మత్తు అనగానే చాలామంది తల్లిదండ్రులు సినిమాల్లో చూపించే తెల్లటి పొడిని ఊహించుకుంటారు. ఇక్కడ మొదలయ్యేది మావా అనే వక్క, పొగాకు కలిపిన నమిలే పొడితోనూ, పెదవి కింద పెట్టుకునే చిన్న పొగాకు సంచులతోనూ. పుదీనా వాసన వచ్చే ఆ సంచులు చాక్లెట్ కవరంత ఉంటాయి, ఉమ్మి వేయనక్కర లేదు, పొగ రాదు, తరగతిలో కూర్చున్నా టీచరుకు తెలియదు. 2024 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం కూల్ లిప్ అనే ఇటువంటి సరుకు బడిపిల్లల్లో వ్యాపిస్తున్న తీరు చూసి, దీన్ని దేశమంతటా ఎందుకు నిషేధించకూడదని ప్రభుత్వాలను అడిగింది. నమిలే పొగాకు, గుట్కా తమిళనాడులో 2013 నుంచే ఆహార భద్రత చట్టం కింద నిషేధంలో ఉన్నాయి. అయినా దొరుకుతున్నాయి. 2019లో దేశవ్యాప్తంగా 13 నుంచి 15 ఏళ్ళ బడిపిల్లల మీద జరిగిన ప్రపంచ యువ పొగాకు సర్వేలో నూటికి 8.5 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. అందులో నన్ను కలవరపెట్టిన అంకె వేరే ఉంది. నమిలే పొగాకు అలవాటు చేసుకున్న పిల్లల్లో సగం మంది పదేళ్ళు నిండకముందే మొదలుపెట్టారు. అంటే మనం తొమ్మిదో తరగతిలో సంచులు వెతుకుతున్నాం, అలవాటు నాలుగో తరగతిలోనే పడుతోంది.

పొగాకు తరవాత వచ్చేది సొల్యూషన్. పంక్చర్లు అతికించే జిగురు, వైట్‌నర్, రంగుల్లో కలిపే థిన్నర్, ఇవన్నీ పిల్లలు వాసన పీల్చే వస్తువులే. ఖరీదు తక్కువ, కొనడం నేరం కాదు, ఇంట్లో కనిపించినా అనుమానం రాదు. ఎయిమ్స్ వైద్యులు చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. మద్యం, గంజాయి, నల్లమందు అన్నీ పెద్దవాళ్ళే ఎక్కువ వాడుతుండగా, ఈ పీల్చే మత్తు ఒక్కటే పెద్దల్లో కన్నా పిల్లల్లో ఎక్కువగా ఉందని ఆ నివేదిక చెప్పింది. పెద్దల్లో 0.58 శాతం, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 1.17 శాతం. దేశంలో 4.6 లక్షల మంది పిల్లలకు ఈ ఒక్క అలవాటు విషయంలోనే వైద్య సహాయం అవసరమని అంచనా వేసింది. మందులవాడిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ ద్రావకాల ఆవిరి గుండె లయను చెదరగొడుతుంది. ఏళ్ళ తరబడి వాడితేనే ప్రమాదం అనుకోకూడదు, మొదటిసారి పీల్చిన పిల్లవాడు కూడా అక్కడికక్కడే కుప్పకూలి చనిపోవచ్చు. ఈ సంగతి ఎంతమంది తల్లులకు తెలుసు? మా దుకాణానికి వచ్చే తల్లులను అడిగి చూశాను. ఒక్కరికీ తెలియదు.

మాత్రల దగ్గరికి వస్తే తప్పు మా వృత్తిలోనే ఉందని ఒప్పుకోవాలి. కొన్ని నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు, కొన్ని దగ్గు మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. వాటిలో చాలావాటిని షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో చేర్చి 2014 మార్చి నుంచి ప్రత్యేక రిజిస్టరు పెట్టమన్నారు. ఎవరికి అమ్మాం, ఏ డాక్టరు రాశారు, ఎన్ని ఇచ్చాం అన్నది అందులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. ట్రమడాల్ అనే నొప్పి మందును 2018లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకే తెచ్చారు. దాని మీద గట్టి నిఘా పడగానే కుర్రకారు దాని చుట్టమైన టపెంటడాల్ వైపు మళ్ళారు. చెన్నై పోలీసులు పట్టుకుంటున్న నొప్పి మాత్రల వార్తల్లో మీరు తరచూ చదివే పేరు అదే. మింగవలసిన మాత్రను కుర్రవాళ్ళు ఒంట్లోకి ఎక్కించుకుని నరాలు దెబ్బతిని, చేతులు కుళ్ళి ఆసుపత్రికి చేరుతున్నారు. రిజిస్టరు నిజాయతీగా రాసే దుకాణాల పక్కనే, రాయని దుకాణం ఒక్కటున్నా చాలు, వీధి వీధంతా దానికి దారి తెలిసిపోతుంది. మందుల తనిఖీ అధికారులు బడులకు దగ్గరగా ఉన్న దుకాణాల హెచ్1 రిజిస్టర్లను నెలకోసారి చూడాలని నేను కోరుతున్నాను. మొదట నా దుకాణానికే రమ్మనండి.

గంజాయి గురించి రాయడం తెలుగువాడిగా నాకు బాధ కలిగించే విషయం. చెన్నై సెంట్రల్‌లో సంచులు పట్టుబడినప్పుడల్లా వార్తలో విశాఖ మన్యం పేరో, ఆంధ్ర ఒడిశా సరిహద్దు పేరో కనిపిస్తుంది. మా వీధి టీ దుకాణంలో ఆ వార్త పైకి చదువుతూ ఎవరైనా నా వైపు చూస్తే తల దించుకోవలసి వస్తోంది. ఆ కొండల్లో సాగు చేసే గిరిజన రైతుకు దక్కేది కొంచెమే, మధ్యవర్తులకు దక్కేదే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021 చివర ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికించారు, 2024 నవంబరులో ఈగల్ అనే ప్రత్యేక విభాగం పెట్టి 1972 నంబరు ఇచ్చారు. అక్కడ ఎంత నరికినా, ఇక్కడ వంద రూపాయల పొట్లం కొనే పద్నాలుగేళ్ళ చెయ్యి ఉన్నంతకాలం అది రైలెక్కుతూనే ఉంటుంది.

ఇక్కడ చట్టంలోని ఒక మెలిక పాఠకులకు తెలియాలి. మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి ఒక కిలో దాకా చిన్న పరిమాణం, దానికి గరిష్ఠ శిక్ష ఏడాది. బడి దగ్గర అమ్మేవాడు అమాయకుడు కాదు, వాడి జేబులో ఎప్పుడూ పది పొట్లాలకు మించి ఉండవు. పట్టుబడతాడు, బెయిలు మీద వస్తాడు, అదే గోడ దగ్గర నిలబడతాడు. అయితే 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ఉంది. వైద్యుడి సలహా లేకుండా పిల్లలకు మద్యం గాని, మత్తు గాని, పొగాకు గాని ఇచ్చినవారికి ఏడేళ్ళ వరకూ కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకూ జరిమానా విధించవచ్చని అది చెబుతోంది. పిల్లల చేత సరుకు మోయించినా, అమ్మించినా 78వ సెక్షన్ కింద అదే శిక్ష. పొట్లం బరువుతో నిమిత్తం లేదు, తీసుకున్నవాడి వయసు చాలు. బడి పరిసరాల్లో పట్టుబడ్డ ప్రతి కేసులోనూ ఈ సెక్షన్లు చేర్చండని నగర పోలీసు కమిషనరు గారు తమ స్టేషన్లకు ఒక్క ఆదేశం ఇస్తే, కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర లేదు.

పొగాకు చట్టం, అంటే 2003 నాటిది, బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదంటుంది. ఆ మాట రాసిన బోర్డు బడి బయట ఉండాలి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆ 100 గజాల హద్దు దగ్గర రోడ్డు మీద పసుపు గీత గీయాలి. మా బడి బోర్డు వానకు వెలిసిపోయింది, పసుపు గీత మీద మెట్రో వాటర్ వాళ్ళు గుంత తవ్వి పూడ్చారు. ఆ గీత లోపల నేను లెక్కపెట్టిన చిన్న బడ్డీ కొట్లు నాలుగు. ఉల్లంఘనకు జరిమానా రెండు వందల రూపాయలు మించకూడదని చట్టమే చెబుతోంది. ఆ సొమ్ము ఒక్క సాయంత్రం అమ్మకంలో తిరిగి వస్తుంది. ఆ కొట్ల మీద బతికేవారు కూడా పేదవారే, వాళ్ళలో ఒక వితంతువు నాకు బాగా తెలుసు, ఆవిడను వెళ్ళగొట్టమని నేను అనలేను. బిస్కెట్లు, పెన్సిళ్ళు, అరటిపండ్లు అమ్ముకోవడానికి కార్పొరేషన్ ఆవిడకు లైసెన్సు ఇచ్చి, పొగాకు ముట్టనని రాయించుకోవచ్చు. సారా దుకాణాల సంగతి ఇంకా విచిత్రం. 2003 నాటి తమిళనాడు చిల్లర మద్యం అమ్మకపు నిబంధనల్లో నగరాల్లో బడికి ఉండవలసిన దూరం 50 మీటర్లే. 100 గజాలంటే 91 మీటర్లు. చెన్నైలో బడికి సిగరెట్ కన్నా సీసా దగ్గరగా ఉండవచ్చన్నమాట. 2023 జూన్‌లో ప్రభుత్వం తన టాస్మాక్ మద్యం దుకాణాల్లో 500 మూసింది, అందులో బడుల దగ్గరివీ ఉన్నాయి, అందుకు కృతజ్ఞతలు. మిగిలిన చోట్ల కనీసం పొగాకుకు ఉన్న దూరమైనా మద్యానికి పెట్టమని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

రాత్రిపూట బడి ఎవరిదన్నది ఎవరూ అడగరు. కాపలాదారు లేని బడి గోడ దూకి వచ్చి మైదానంలో తాగిపోయేవాళ్ళు ఉన్నారు. ఉదయం పగిలిన సీసా పెంకులు ఏరేది ఆయమ్మ. ముఖ్యమంత్రి అల్పాహార పథకం వచ్చాక చిన్న పిల్లలు పెందలాడే బడికి వస్తున్నారు, ఆమె ఇంకా ముందు వచ్చి ఊడవాలి. ఏ పిల్లవాడు మరుగుదొడ్డిలో ఎక్కువసేపు ఉంటున్నాడో, ఎవరి చొక్కాకు జిగురు వాసన వస్తోందో, ఏ ఆడపిల్ల ఏ మూల ఏడుస్తోందో బడిలో అందరికన్నా ముందు తెలిసేది ఆమెకే. భద్రత మీద జరిగిన ఏ సమావేశానికీ ఆమెను పిలవడం నేను చూడలేదు.

కొట్లాటల విషయానికి వస్తే, వాటిని మత్తు ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం సరికాదు. 2023 ఆగస్టులో తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే ఇంటికి వెళ్ళి కొడవళ్ళతో నరికారు, అడ్డుపడిన చెల్లెలినీ వదల్లేదు. అక్కడున్నది మత్తు కాదు, కులం. ఆ తరవాత ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి చంద్రు గారితో ఏకసభ్య కమిటీ వేసింది. 2024 జూన్‌లో ఆయన ఇచ్చిన నివేదికలో పిల్లలు చేతులకు కట్టుకునే కులాల రంగు తాళ్ళను ఆపాలన్న మాట పత్రికలకెక్కింది, దాని మీద వాదోపవాదాలూ జరిగాయి. అంతగా పట్టించుకోని సిఫారసు ఒకటుంది. 500 మందికి మించి పిల్లలున్న ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక సంక్షేమాధికారిని నియమించి, కుల వివక్ష, ర్యాగింగు, లైంగిక వేధింపులు, మత్తుపదార్థాలు అన్నీ ఆ ఒక్కరే చూసుకోవాలని ఆయన చెప్పారు. నా దృష్టిలో ఆ నివేదికలో అన్నిటికన్నా విలువైన మాట అదే. మార్కులు వేయని, దెబ్బ కొట్టని, టీసీ ఇచ్చే అధికారం లేని పెద్దమనిషి ఒకరు బడిలో ఉంటేనే పిల్లవాడు నోరు విప్పుతాడు. రాష్ట్రంలో బడులలో పెట్టిన 'మాణవర్ మనసు', అంటే విద్యార్థి మనసు, అనే ఫిర్యాదుల పెట్టెల్లో పిల్లలు చీటీలు వేయవచ్చు, నిజమే. కాని పద్నాలుగేళ్ళ పిల్లవాడు అప్పుపడి పొట్లాలు మోస్తున్నానని చీటీ మీద రాయడు. ఎవరైనా పక్కన కూర్చుని అడిగితే చెబుతాడు.

దెబ్బల గురించి కూడా చెప్పాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. బెత్తం పోయినా, అందరి ముందూ నిలబెట్టి తల్లి చేసే పనినీ తండ్రి తాగుడునూ ఎత్తిపొడవడం పోలేదు. అలా అవమానపడిన పిల్లవాడికి సాయంత్రం గోడ దగ్గర నిలబడ్డవాడు "రారా తమ్ముడూ" అంటే అదే ఆదరణ అనిపిస్తుంది. సంచుల తనిఖీ మీద నాకున్న భయం కూడా ఇదే. తనిఖీ వద్దని నేననడం లేదు. అందరి ముందూ కాకుండా, ఇద్దరు పెద్దల సమక్షంలో, ఆడపిల్లల విషయంలో టీచరమ్మలే ఉండి చేయాలి. దొరికిన తరవాత ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి.

ఏం చేయవచ్చో మా ఎదుటి బడిలోనే చూశాను. రెండేళ్ళ క్రితం ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు సొల్యూషన్ పీలుస్తూ దొరికాడు. తరగతి ఉపాధ్యాయురాలు వాణ్ణి ప్రధానోపాధ్యాయుడి గదికి తీసుకువెళ్ళక ముందే తల్లిని పిలిపించింది, పిల్లవాడి ఎదుట కేకలు వేయలేదు. ఆ శనివారం తానే వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని కీల్పాక్‌లోని మానసిక ఆరోగ్య సంస్థకు వెళ్ళింది. 1794 నాటి ఆ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ అలవాటు మాన్పించే విభాగం ఉంది, అడయారు వైపు వారికి టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ ఆసుపత్రి కూడా 1980 నుంచి ఇదే పని చేస్తోంది. చాలామంది తల్లిదండ్రులు పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రి గడప తొక్కరు. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం గాని చిన్న పరిమాణం గాని కారణంగా నేరారోపణ ఎదుర్కొనే వ్యసనపరుడు తనంతట తానే చికిత్సకు వస్తే అతని మీద విచారణ ఉండదు. ఆ టీచరమ్మ ఆ సంగతి తల్లికి తెలుగులో చెప్పించడానికి నన్ను పిలిచింది. పిల్లవాడు మధ్యలో రెండుసార్లు మళ్ళీ జారాడు. రెండుసార్లూ బడిలోనే ఉన్నాడు. సాయంత్రం ఆటల తరవాత అరగంట ఆవిడ గదిలో కూర్చుని లెక్కలు చేసుకుని ఇంటికి వెళ్ళేవాడు, అంతే, వేరే మంత్రమేమీ లేదు. ఇప్పుడు పదో తరగతిలో ఉన్నాడు.

ఈ ఇద్దరు పిల్లల ఇళ్ళ మధ్య దూరం నాలుగు వీధులు. కష్టాలు ఒకటే, తండ్రుల కూలీ ఒకటే. ఒకణ్ణి బడి పట్టుకుంది, ఇంకొకణ్ణి వదిలింది.

మన తెలుగువారికి ప్రత్యేకంగా ఒక విన్నపం. ఈ నగరంలో కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టాలని తొలిసారి తలపెట్టింది పిట్టి త్యాగరాయ శెట్టి గారు. 1920లో ఆయన కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉండగా థౌజండ్ లైట్స్ బడిలో ఆ పని మొదలైంది. ఆయన మనవాడని చెప్పుకుంటాం, టి.నగర్ పేరులో ఉన్నది ఆయనేనని పిల్లలకు చూపిస్తాం. అటువంటి మనం ఈ రోజు కార్పొరేషన్ బడి యాజమాన్య కమిటీలో ఎంతమంది ఉన్నాం? చట్ట ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు కావాలి. కాగితం మీద ఉన్నారు. సమావేశం పనిరోజున మధ్యాహ్నం పెడితే పాచిపనికి వెళ్ళే తల్లి రాలేదు, కూలికి వెళ్ళే తండ్రి ఆ రోజు కూలి పోగొట్టుకోలేడు. వచ్చినవారికి తమిళంలో సాగే చర్చ సగమే అర్థమవుతుంది. నగరంలో తరాలుగా ఉన్న తెలుగువారికి ఆ ఇబ్బంది లేదు. ఒంగోలు నుంచో శ్రీకాకుళం నుంచో నిన్నమొన్న వచ్చిన మేస్త్రీ కుటుంబానికి ఉంది. ఉగాదికి సభలు చేసే మన సంఘాలు నెలకు ఒక్క సాయంత్రం తమ సభ్యుల్లో ఇద్దరిని దగ్గరి బడికి పంపితే, ఆ కుటుంబాలకు మాట తోడు దొరుకుతుంది. ఆ మేస్త్రీ వేలిముద్ర వేసిన రోజున తమిళం చదవగలిగిన తెలుగు మనిషి ఒకరు పక్కన ఉండి ఉంటే ఆ కాగితం మీద ముద్ర పడేది కాదు.

విద్యాశాఖను నేను కోరేది ఇది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు, పొగాకు గాని మత్తు గాని వాడుతూ దొరికిన కారణంగా ఏ విద్యార్థికీ టీసీ ఇవ్వకూడదని, తల్లిదండ్రులు రాసిచ్చినట్టు చూపించినా యాజమాన్య కమిటీ ముందు పెట్టకుండా చెల్లదని ఒక ఉత్తర్వు జారీ చేయాలి. అమ్మే పిల్లవాడు ఉంటే? అని కమిటీలో ఒక తండ్రి నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్న, ఆయన కూతురు అదే తరగతిలో ఉంది. అమ్ముతున్నవాడి వెనక పెద్దవాడు ఉంటాడు, ఆ పెద్దవాణ్ణి 78వ సెక్షన్ కింద పట్టుకోవాలి. పిల్లవాణ్ణి బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచి, చదువు ఎక్కడ సాగాలో వాళ్ళు నిర్ణయించాలి. కొంతకాలం వేరే బడిలో ఉండవలసి రావచ్చు. కాని బడి లేకుండా ఉండకూడదు.

మీ పత్రికను కోరేది కూడా ఒకటుంది. పిల్లల సహాయానికి 1098, తమిళనాడు విద్యాశాఖకు 14417, మత్తు అమ్మకాల మీద ఫిర్యాదుకు 10581. ఈ మూడు నంబర్లను బడులు తెరిచే జూన్‌లోనైనా తెలుగులో, పెద్ద అక్షరాలతో మీ చెన్నై పేజీలో వేయండి. కత్తిరించి దుకాణం తలుపు మీద అంటిస్తాను. ఇంకో పది మంది అంటిస్తారు.

మొన్న ఆదివారం ఆ మేస్త్రీ భార్య మా దుకాణానికి వచ్చింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచిన టీసీ తీసి, "అన్నయ్యా, దీన్ని తీసుకెళ్తే ఇంకో బళ్ళో చేర్చుకుంటారా?" అని అడిగింది. పిల్లవాడు ఇప్పుడు కూరగాయల మార్కెట్‌లో మూటలు దించుతున్నాడు, తెల్లవారుజామున మూడింటికి వెళ్తాడు. కీల్పాక్‌కు రమ్మంటే మొదట రానన్నాడట, పోయిన వారం ఒప్పుకున్నాడట. ఆ టీసీలో నడవడి అని ఉన్న గడిలో ఏమీ రాయలేదు. వచ్చే బుధవారం నేను, ఎదుటి బడి టీచరమ్మ కలిసి ఆ కాగితం పట్టుకుని ఆ బడి ప్రధానోపాధ్యాయుణ్ణి కలవబోతున్నాం, దాన్ని వెనక్కి తీసుకుని పిల్లవాడి పేరు మళ్ళీ హాజరుపట్టీలో రాయమని అడగడానికి.

భవదీయుడు,
ఒక మందుల దుకాణదారుడు,
ఉత్తర చెన్నై